పదివేల అడుగులు ఎవరికి? అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



మన జిల్లాలో ఆరోగ్యం ఫ్లెక్సీలెక్కి చాలా రోజులైంది. బస్టాండులో, ఆసుపత్రి మెట్ల దగ్గర, సచివాలయాల గోడలమీద అవే మాటలు: రోజుకు పదివేల అడుగులు నడవండి, మూడు లీటర్ల నీళ్లు తాగండి, ఉప్పు తగ్గించండి, చిరుధాన్యాలు తినండి, కంటినిండా నిద్రపోండి. పిల్లలచేత డ్రిల్లు చేయించి పింఛను తెచ్చుకుంటున్నవాణ్ని, ఇలాంటి మాటలు గోడలమీద కనిపిస్తే సంతోషించేవాళ్లలో నేను ముందుంటాను. అయితే ఆ ఫ్లెక్సీ చదివేవాళ్లలో రెండు రకాల మనుషులున్నారు. ఒకరు సుభాష్ రోడ్డులో పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి షట్టరు దించేదాకా గల్లాపెట్టె ముందు కూర్చునే వ్యాపారి. ఇంకొకరు నార్పల పక్కనో, కూడేరు పక్కనో కరువు పనికి పోయి గడ్డపారతో గుంత తవ్వే ఆడమనిషి. ఈ ఇద్దరికీ సైన్సు చెప్పేది ఒక మాట కాదు. కొన్నిచోట్ల ఒకరికి చెప్పిందానికి నేరుగా ఎదురు ఇంకొకరికి చెబుతుంది. ఈ సంగతి తమ దృష్టికి తెచ్చి, తమ సంతకంతో అయ్యే పనులు కొన్ని అడగాలని రాస్తున్నాను.

ముందు ఆ పదివేల లెక్క సంగతి. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో మరుసటి ఏడాది జపాన్ కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే మీటరును పదివేల అడుగుల మీటరని పేరుపెట్టి అమ్మింది. గుండ్రటి అంకె, నోటికి తేలిక, జనం పట్టుకున్నారు. అప్పటికి దాని వెనక పరిశోధనంటూ పెద్దగా ఏమీ లేదు. తర్వాతెప్పుడో 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేలమంది ఆడవాళ్ల అడుగులను మీటర్లు కట్టి లెక్కపెట్టింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక ఇంకా నడిచినందువల్ల అదనంగా ఒరిగింది కనపడలేదు. పదివేలని భయపెట్టి అసలే నడవకుండా చేసేకంటే, ఇప్పుడు నడిచేదానికి ఇంకో రెండువేలు కలపండని చెబితే మన గల్లాపెట్టె పెద్దమనిషి లేచే అవకాశముంది.

కూర్చోవడం వల్ల గుండెకు చేటు అన్న సంగతి మొదట బయటపడింది బస్సుల్లో. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి 1953లో ఫలితాలు ప్రచురించాడు. జీతాలూ, ఉండే ఇళ్లూ, తినే తిండీ ఇంచుమించు ఒకటే. డ్రైవరు సీటు వదలడు, కండక్టరు షిఫ్టులో 500కు పైగా మెట్లు ఎక్కిదిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ, వచ్చినా కొంత ఆలస్యంగా వచ్చింది. మన ఆర్టీసీలో కొన్ని సర్వీసులకు కండక్టరే లేడు, డ్రైవరే టిక్కెట్లు కొట్టి డ్రైవరే నడుపుతున్నాడు. మోరిస్ బతికుంటే మన డిపోకొచ్చి ఏం చూడాలో తెలియక తిరిగిపోయేవాడేమో.

కూర్చునేవాళ్లకు నేను చెప్పేది చాలా చిన్నది. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో గంటసేపు నడిచి, ఆనక పన్నెండు గంటలు కదలకుండా కూర్చునేవాళ్లు తెలుసుకోవలసింది ఇది. తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ సమయంలో కాళ్లు కదిపితే, కదిలే కండరం ఇన్సులిన్ కోసం చూడకుండానే చక్కెరను లోపలికి లాక్కుంటుంది. 2013లో పెద్దవయసువాళ్లమీద చేసిన ఒక చిన్న ప్రయోగంలో, మూడుపూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిస్తే రోజంతటి చక్కెరమీద పనిచేసినట్టు తేలింది, రాత్రి భోజనం తర్వాతి పెరుగుదలను పొద్దుటి ముప్పావుగంట నడకకంటే అదే బాగా తగ్గించింది. చెప్పులు తొడుక్కుని గడియారస్తంభం దాకా పోయి వస్తే చాలు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా చక్కెరజబ్బు ఉంది, ఇంకో 13.6 కోట్లమంది దాని గడపలో ఉన్నారు. ఈ రెండో గుంపుకి రాత్రి అన్నం తిన్నాక పావుగంట నడవడమన్నది ఖర్చులేని వైద్యం.

నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కలో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతోపాటు, కండరాలకు బలమిచ్చే పని కనీసం రెండురోజులు ఉండాలి. మన ఫ్లెక్సీలు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ మింగేస్తాయి. జిమ్ అక్కర్లేదు. ఒకప్పుడు అన్నం నేలమీద మఠం వేసుకుని తినేవాళ్లం, చేతులు ఆనించకుండా లేచేవాళ్లం. ప్లాస్టిక్ కుర్చీ వచ్చి ఆ కసరత్తును ఇంట్లోంచి ఎత్తుకుపోయింది. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, అరవై దాటినవాళ్లకు ఇవే మొదలు. ధర్మవరం గుంటమగ్గాల్లో పొద్దస్తమానం కాళ్లు వేలాడదీసి నేసేవాళ్లకు (ధర్మవరం 2022 ఏప్రిల్‌లో తమ హద్దు దాటి సత్యసాయి జిల్లాకు పోయిందని తెలుసు, నడుమునొప్పికి జిల్లా హద్దు తెలియదు) అరగంటకోసారి మగ్గంలోంచి పైకి రావడం కంటే వేరే గొప్ప వ్యాయామం చెప్పలేను.

ఇక రెండో మనిషి.

ఆమెకు పదివేల అడుగుల ఫ్లెక్సీ చూపించడమంత ఎగతాళి ఇంకోటి లేదు. ఇంట్లోంచి పనిచోటికి నడక, పనిచోట తట్ట మోత, మళ్లీ ఇంటికి నడక, ఇంట్లో బిందె మోత. అంత కష్టం చేస్తోంది, ఇంక ఆమె గుండెకేం ఢోకా అనుకుంటాం. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ అనే శాస్త్రవేత్త ఏళ్లతరబడి ఈ ప్రశ్నమీదే పనిచేశాడు. తీరికవేళ ఇష్టపడి చేసే వ్యాయామం గుండెను కాపాడుతోంది, కూలికోసం విరామం లేకుండా చేసే బరువుపని అలా కాపాడటం లేదని అక్కడి లెక్కల్లో తేలింది, కొన్నిచోట్ల ముప్పు పెరిగింది కూడా. వ్యాయామం అరగంటలో అయిపోతుంది, తర్వాత ఒళ్లు తేరుకుంటుంది. కూలిపని గంటలతరబడి సాగుతుంది, రక్తపోటూ గుండెవేగమూ రోజంతా దిగవు, మర్నాటికల్లా ఒళ్లు పూర్తిగా తేరుకోదు. అందుకని ఆమెకు శాస్త్రం రాసే మందు మనం అనుకునేదానికి తలకిందులు: తక్కువ ఎండ, ఎక్కువ నీళ్లు, మధ్యమధ్యలో కూర్చోవడం.

ఆమె పనిచేసే ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతటికీ ప్రారంభించింది మన జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతులమీదుగా మొదలైంది. ఆ పథకానికి తర్వాత ఏ పేరు పెట్టుకున్నా మా జనం దాన్ని కరువు పనే అంటారు. 2005 నాటి చట్టంలోనే పనిచోట తాగునీరు, విశ్రాంతికి నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని రాశారు. అవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. కాకపోతే చాలాచోట్ల నీడ అంటే ఫొటో కోసం నాలుగు కట్టెలకు కట్టిన ఆకుపచ్చ వల. నీళ్లంటే ఎండలో పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము, పదింటికల్లా అందులో నీళ్లు టీ కాచుకోవచ్చన్నట్టుంటాయి. ఎవరి సీసా వాళ్లు ఇంటినుంచి తెచ్చుకుంటారు, తొమ్మిదిన్నరకు అది అయిపోతుంది.

మన ఎండ తీరు వేరు. విజయవాడలో ఉక్కపోస్తుంది, చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, మనిషికి భయం పుడుతుంది. మనది పొడి పీఠభూమి, గాలి ఎక్కువ. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. ఆరితే మంచిదే, కుండలో నీళ్లు చల్లబడేది కూడా పైన చెమ్మ ఆరడం వల్లే. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని ఒంట్లోంచి మోసుకుపోతుంది. చిక్కేమిటంటే ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో ఆ మనిషికి తెలియదు. చీర పొడిగానే ఉంటుంది, చెంపలమీద ఉప్పు తెల్లగా మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిన ఎండలో గడ్డపార పట్టినవాళ్లకు గంటకు లీటరు చెమట పోవడం పెద్ద వింతేమీ కాదు. దాహం ఆలస్యంగా వస్తుంది. దాహమేసేసరికి ఒళ్లు వెనకబడే ఉంటుంది.

అందుకని పని భద్రత చూసే సంస్థలన్నీ ఒకే మాట చెబుతాయి: ఎండలో బరువుపని చేసేవాళ్లు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి, దాహం ఉన్నా లేకపోయినా. ఒక్కసారే లీటరు దిగమింగితే పొట్ట ఊగుతుంది తప్ప ఒంటికి పట్టదు. తగినంత తాగుతున్నామో లేదో చూసుకోవడానికి మూత్రం రంగు చాలు. లేతగా ఉంటే సరి, ముదురు పసుపైతే వెంటనే తాగాలి.

ఇక్కడ ఎవరూ పైకి చెప్పని మాట ఒకటుంది, నేను చెబుతాను. మా ఆడవాళ్లు పనిచోట నీళ్లు తాగరు. డ్రమ్ము నిండుగా ఉన్నా తాగరు. బయలు ప్రదేశం, చెట్టన్నది లేదు, మగవాళ్లు ఉన్నారు, ఎక్కడికి పోవాలి? ఇంటికి చేరేదాకా ఓర్చుకోవడం కోసం గొంతు తడుపుకుని ఊరుకుంటారు. డాక్టరు దగ్గరికి పోతే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, నీళ్లు బాగా తాగమ్మా అంటారు. ఆమెకు నీళ్లు తాగే అలవాటు లేదని చీటీలో రాస్తారు. నాలుగు గుంజలు, పాతచీరలతో చుట్టూ తెర, ఆ అలవాటు దానంతటదే వస్తుంది. పనిచోటి తనిఖీ కాగితంలో ఈ తెర ఉందా లేదా అన్న గడి ఒకటి కలిపించండి.

ఎండకు ఒళ్లు అలవాటుపడుతుంది. ఎండాకాలం మొదట్లో పనికి దిగిన మనిషికీ, రెండువారాలు పనిచేసిన మనిషికీ లోపల చాలా తేడా ఉంటుంది. ఈ వ్యవధిలో రక్తంలో నీటిభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ మార్పు ఎవరికీ ఒక్కరోజులో రాదు. ఎండలో పనిచేస్తూ చనిపోయేవాళ్లలో సగానికి పైగా మొదటి కొద్దిరోజుల్లోనే చనిపోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ చెబుతోంది. అందుకే అక్కడ కొత్తవాళ్లకు మొదటిరోజు పూర్తిపనిలో ఐదోవంతే ఇమ్మంటారు, రోజుకో ఐదోవంతు పెంచమంటారు. అనుభవం ఉండి, మధ్యలో మానేసి తిరిగొచ్చినవాళ్లకు మొదటిరోజు సగం, తర్వాత 60 శాతం, 80, నాలుగోరోజుకు మొత్తం.

మన దగ్గర కూలి కొలతమీద. ఎంత మట్టి తీస్తే అంత. మొదటివారంలో ఒళ్లు కుదురుకోని మనిషే అందరితో సమానంగా కూలి పడాలని ఒళ్లు దాచుకోకుండా తవ్వుతుంది. అందులోనూ శ్రమశక్తి సంఘమనే కూలీల గుంపులో ఒకరు వెనకబడితే గుంపు మొత్తం కొలత తగ్గుతుంది, పక్కవాళ్లు ఊరుకుంటారా? దానికితోడు 2023 జనవరి నుంచి హాజరుకు యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు. తెల్లవారుజామున వచ్చి కొలత పూర్తిచేసుకున్నవాళ్లు కూడా రెండో ఫొటో కోసం ఎండలో కాచుక్కూర్చునే తీరు అలా వచ్చింది. దొంగహాజరు అరికట్టాలన్నది సబబే, కానీ ఆ ఫొటోకు పెట్టే వేళ ఎండాకాలంలో ఆరోగ్యానికి సంబంధించిన సంగతి అవుతుంది. కొలతల పట్టిక రాష్ట్రం చేతిలో, యాప్ ఢిల్లీ చేతిలో ఉంటాయని తెలియక రాయడం లేదు. తమ సిఫారసుకు అక్కడ విలువుంటుందని తెలిసి రాస్తున్నాను.

కిడ్నీల మాట కూడా ఇక్కడే. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల్లో కోతకూలీలు చక్కెరజబ్బూ రక్తపోటూ లేకుండానే కిడ్నీలు చెడి చనిపోవడం చూశారు. ఎండలో నీళ్లులేకుండా చేసే శ్రమ అందులో పెద్ద కారణమని అనుమానించి నీళ్లు, విశ్రాంతి, నీడ అన్న మూడింటినీ పనిలో భాగం చేశాక కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీజబ్బుకు కారణం ఇంకా తేలనేలేదు. మన జిల్లా ఉద్దానం కాదు, కాకూడదు. వేసవికి ముందూ తర్వాతా కరువు పనికి పోయేవాళ్లకు ఒక క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే మనకంటూ ఒక లెక్క ఉంటుంది.

ఎండదెబ్బకు జేబులో ఎర్రగడ్డ పెట్టుకునే అలవాటు మా ఊళ్లలో ఉంది. ఆ ఎర్రగడ్డను మజ్జిగన్నంలోకి నంజుకుంటే లాభం, జేబులో ఉంటే జేబు కంపు. మాట తడబడుతున్నా, మనిషి తికమకపడుతున్నా నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసిరి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగాలేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఓఆర్ఎస్ పొట్లాలు గుంపు పని చూసే మేటు దగ్గర ఉండాలి. లేనిచోట లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఇలాంటి ద్రావణంతోనే కలరా రోగుల్ని వేలమందిని బతికించాడు. చక్కెర పేగు గోడ దాటుతూ ఉప్పునూ నీటినీ తనతో లాక్కుపోతుంది, కిటుకంతా అదే. ఉప్పేసిన పలచటి మజ్జిగ మామూలు రోజులకు చాలు. ఉప్పు విషయంలో మళ్లీ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడతారు చూడండి. రోజుకు ఐదు గ్రాములకు, అంటే చెంచాకు మించొద్దన్నది కూర్చునేవాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట. ఎండలో తవ్వేవాళ్లకు పని ఉన్న రోజుల్లో మజ్జిగలో చిటికెడు ఉప్పు మానమని చెప్పకూడదు.

మూడు లీటర్ల నీళ్లంటారు సరే, ఏ నీళ్లు? ఇది మన జిల్లాలో అడగకుండా ఉండలేని ప్రశ్న. బోర్లు లోతుకుపోయేకొద్దీ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో. మనమూ ఆ పటంలోనే ఉన్నాం. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్లివ్వడానికి ఒక కారణం ఇదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది హద్దు, వీలైతే 1 లోపే. ఆ హద్దు మామూలుగా తాగేవాళ్ల లెక్క. రెండు మిల్లీగ్రాములున్న బోరునీళ్లు రోజుకు నాలుగు లీటర్లు తాగే కూలిమనిషి ఒంట్లోకి ఎనిమిది మిల్లీగ్రాములు పోతుంది. ఏళ్లు గడిస్తే మెడ తిరగదు, నడుం వంగదు. బాగా తాగమని మనం చెప్పిన మాటే ఆమె ఎముకకు ఎదురు తిరుగుతుంది. కాచితే ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

పరీక్షలు జరుగుతూనే ఉంటాయి, ఫలితం ఫైల్లోకి పోతుంది. ప్రతి బోరు మీదా, ప్రతి ట్యాంకు మీదా పెయింటుతో తారీఖు, ఫ్లోరైడు అంకె, పచ్చరంగో ఎర్రరంగో వేయించండి. పనిచోటికి ట్యాంకరు ఎక్కడ నింపాలో ఆ రంగు చూసి మేటు చెప్పగలగాలి.

తిండి విషయం వచ్చేసరికి మాకు ఎవరూ చెప్పక్కర్లేదని మా పెద్దలు అనేవాళ్లు. సంగటి, మటిక్కాయ కూర, ఊరిబిండి, పల్చటి మజ్జిగ. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు ఈ కరువుసీమలో ఎన్ని పొయ్యిలు వెలిగాయో చూసినవాళ్లెవరూ ఆ బియ్యాన్ని తిట్టరు. కాకపోతే కొర్ర, ఆరిక వెనక్కిపోయాయి, సంగటిలోనూ లెక్క మారింది. సంగటి కట్టేటప్పుడు చూడండి. ముందు బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, పైన రాగిపిండి గుట్టగా పోసి, కలపకుండా మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, అప్పుడు కట్టెతో గట్టిగా గెలుకుతారు. ఆ గుట్ట ఎంత ఎత్తుందన్నదే అసలు సంగతి. ఇప్పుడు చాలా ఇళ్లలో బియ్యం ఎసరు నిండా, పిండి రంగు కోసం. 44వ నంబరు హైవే పక్కన నాటుకోడితో అమ్మే సంగటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా కాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో 120. పైగా కాల్షియం ఉన్న తిండి పేగులో ఫ్లోరైడును కొంత పట్టి ఆపుతుంది, కాబట్టి ఫ్లోరైడు నేలలో సంగటి తినడం మామూలు మంచి కాదు. అయితే చక్కెరజబ్బుకు రాగి అమృతమన్న మాట నేను నమ్మను. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, చిరుధాన్యాలు రోజూ తినేవాళ్లలో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందన్నారు. మెత్తగా ఆడించిన పిండితో బెల్లమేసి కాచిన జావకు ఆ మాట వర్తించదు. పిండి ఎంత మెత్తగా ఉంటే చక్కెర అంత వేగంగా రక్తంలోకి పోతుంది. బడిపిల్లలకు జావ మంచిదే, ఎండలో పరుగెత్తుతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దమనిషి కొర్రన్నమో, బ్యాళ్ల పప్పుతో గట్టి సంగటో తినాలి, జావ మీద జావ తాగకూడదు.

పప్పు మాట అనుకోకుండా వచ్చినా అసలైన మాట అదే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మూడుపాళ్లు ధాన్యానికి ఒక పాలు పప్పు ఉండాలి. మన కంచాల్లో పదిపాళ్లకొకటి ఉంటే గొప్ప. కంది ధర చూసి భయపడేవాళ్లకు ఉలవలు, అలసందలు, అనపకాయలు మన ఎర్రనేలలోనే పండుతాయి. ఉలవల్ని ఎద్దులకు పెట్టి మనం కట్టు తాగి మురిసిపోతాం, ఎద్దు తెలివైనది. చెనిక్కాయలు రోజూ గుప్పెడు తినొచ్చు. కానీ పంట చివర్లో వాన ఎగ్గొట్టిన ఏడాది కాయలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ చేరుతుంది, అది కాలేయానికి చేటు. మంచివి మార్కెట్‌కు పోయి, ముడుచుకున్నవీ రంగుమారినవీ ఇంట్లో ఊరిబిండికి మిగులుతాయి. మారాల్సిన అలవాటు అది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు, ఏరి పారేయాలి. హాస్టళ్ల చిక్కీకి చెనిక్కాయలు కొనేచోట ఈ పరీక్ష అడుగుతున్నారో లేదో తమరొక్కసారి చూడండి.

నిద్ర గురించి ఒక్క మాటే. ఏడెనిమిది గంటలు పడుకోమని రైతుకు చెప్పేముందు, కరెంటు ఏ వేళకిస్తున్నామో చూడాలి. బోరు మోటారుకు పగటిపూటే తొమ్మిదిగంటలన్న మాట నిలిచిన ఊళ్లో రైతు పడుకుంటాడు. రాత్రి విడత పడిన ఊళ్లో టార్చిలైటు పట్టుకుని పాములమధ్య మడి చూడటానికి పోతాడు. రక్తపోటుకు మాత్ర రాసే డాక్టరుకు ఈ కరెంటు వేళలు తెలియవు.

రక్తపోటు చూసే తీరు కూడా మారాలి. సోమవారం అర్జీలిచ్చే రోజు తమ ఆఫీసు దగ్గరా, ఊళ్లలో శిబిరాల దగ్గరా, మనిషి ఎండలో వరసలో నిలబడి, టీ తాగి, మూత్రం ఆపుకుని వచ్చి చెయ్యి చాపుతాడు. నర్సు పట్టీ చుట్టి అంకె రాస్తుంది. ఆ అంకెను నమ్మలేం. వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, కాళ్లు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, రెండుసార్లు చూడాలి. పది కుర్చీలు, ఒక నీళ్ల కుండ, ఒక షామియానా ఉంటే సోమవారం క్యూనే జిల్లాలో మంచి పరీక్షాకేంద్రం అవుతుంది. ఆ వరసలో వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ.

పట్నంలో ఆడవాళ్లు సాయంత్రం నడవకపోవడానికి బద్ధకం కారణం కాదు, కుక్కలూ చీకటీ. బడి మైదానాల గేట్లు ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిపించి, ఒక లైటూ ఒక కాపలామనిషినీ పెట్టిస్తే ఆ వీధి ఆడవాళ్లందరికీ అది నడకబాట అవుతుంది. గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే కష్టం, అది నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తెలిసిన సంగతి.

వీటన్నిటిలో ముందు ఏది చేయాలని అడిగితే, ఎండాకాలం మొదటివారం కొలత సడలింపు చేయమంటాను. వేసవి పనులు ఊపందుకునేలోపే, కొత్తగా వచ్చినవాళ్లకూ విరామం తర్వాత తిరిగొచ్చినవాళ్లకూ మొదటి ఐదురోజులు కొలత తగ్గించి కూలి తగ్గించకుండా ఇవ్వడానికి పైనుంచి అనుమతి తెప్పించండి. టెక్నికల్ అసిస్టెంట్లకు పంపే ఆ సర్క్యులర్ నకలు తెలుగులో, ఒక పేజీలో, మేట్లకు కూడా అందేలా చూడండి. మేటు చేతిలో కాగితం లేకపోతే పనిచోట ఆ మాట చెల్లదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం